తెలియని భాషలో హెచ్చరిక

ఒకరికి బలమిచ్చు ఆహారమే వేఱొకరికి విషమగుట కలదు. వేరుసెనగ, పాలు, గ్రుడ్డు, రొయ్య పడనివారికి అవి రవంత లోనికి పోయినను దద్దులు లేచును. కొందఱికి గొంతు వాచి, ఊపిరాడక ప్రాణముమీదికి వచ్చును. వైద్యులు దీనిని అలర్జీ యందురు. ఇట్టివారికి మొదటి రక్ష ఔషధము కాదు. తినబోవు వస్తువులో ఏమున్నదో ముందుగా తెలియుటయే.

ప్రభుత్వ మీ సంగతి నెఱుగకపోలేదు. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము క్రింద 2020లో వెలువడిన లేబులు నిబంధనలు గోధుమ, పాలు, గ్రుడ్లు, చేపలు, రొయ్యలు, వేరుసెనగ, జీడిపప్పు, సోయా మున్నగునవి కలసియున్నచో పొట్లముపై ప్రకటింపవలయునని శాసించినవి. ఇది మెచ్చదగిన పనియే. కాని ఆ ప్రకటన ఏ భాషలో నుండవలయును? ఇంగ్లీషున గాని, దేవనాగరిలిపి హిందీలో గాని యుండిన చాలునట! తెలుగు చేర్చుట తయారీదారుని యిష్టము.

ఎనుమాముల మార్కెట్టునకు పల్లీ తెచ్చు రైతు దానిని బస్తాలో గుర్తించును. బిడ్డకై కొన్న చాక్లెట్టులో పొడియై కలసినదాని నెట్లు గుర్తించును? తెలుగు చక్కగా చదువనేర్చియు నాతడు పొట్లముముందు నిరక్షరాస్యుడగుచున్నాడు. తెలుగువానికి జ్ఞానము తన భాషలో దక్కవలెనని 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయమును నెలకొల్పిన గడ్డ యిది. ఇచ్చట ప్రాణముకాచు పంక్తి యొక్కటి తెలుగున నుండి తీరవలయునను విధి లేకుండుట సిగ్గుచేటు.

దేశభాషలన్నిటికి పొట్లముపై చోటు చాలదని వర్తకులు చెప్పవచ్చును. మేమడుగునది పొట్లమంతయు కాదు, ఒక్క పంక్తి. అదియు కష్టమన్నచో మార్గము కన్నులయెదుటనే కలదు. శాకాహారమునకు ఆకుపచ్చ చుక్క, మాంసాహారమునకు గోధుమరంగు త్రికోణము అక్షరము రానివారికిని బోధపడుచున్నవి. ఆచారమును కాపాడుటకు గుర్తు దొరకినపుడు ప్రాణమును కాపాడుటకేల దొరకదు? అనేక భాషలు గల ఐరోపా సమాఖ్య 2011లోనే, కొనువారికి సులభముగా తెలియు భాషలో వివరములుండవలయుననియు, పడని పదార్థముల పేళ్లు తక్కినవానినుండి వేఱుపడి కనబడవలయుననియు విధించినది.

కావున రెండు తెలుగు రాష్ట్రములలో అమ్ము ప్రతి పొట్లముపై ఆ పంక్తి తెలుగున నుండునట్లు, దానికి తోడు గుర్తు లుండునట్లు నిబంధనలను సవరింపవలయునని మేము కోరుచున్నాము. మన పార్లమెంటు సభ్యు లీ మాట ఢిల్లీలో వినిపింతురు గాక. తెలుగు చేర్చుటను నిబంధన వారించుట లేదు. కనుక మన యూరి సకినాల, లడ్డూల తయారీదారులు అందేమి కలిపిరో తెలుగున అచ్చొత్తించుటకు నేడే పూనుకొనవచ్చును. సవరణ వచ్చుదాక వేచియుండ నక్కఱలేదు.