ఫోన్‌లో మెమరీ చాలక ఆగిపోతున్న తెలుగు పాఠం

2025 చివరి నెలల నుంచి ప్రపంచ మార్కెట్లో మెమరీ చిప్‌ల ధరలు గట్టిగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా కేంద్రాలకు ఈ చిప్‌లు భారీగా కావాలి. తయారీలో సింహభాగం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ సంస్థలదే. లాభం ఎక్కువున్న వైపే అవి మొగ్గుతున్నాయి. ‘క్రూషియల్’ పేరుతో సాధారణ వినియోగదారులకు మెమరీ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది.

ఈ వార్తకూ మన బడులకూ సంబంధం లేదనిపించవచ్చు. కానీ మెమరీ ఖరీదైతే మొదట దెబ్బ తగిలేది తక్కువ ధర ఫోన్లకే. వాటి ధరైనా పెరగాలి, మెమరీలోనైనా కోత పడాలి. రెండూ వద్దనుకుంటే ఇంట్లోని పాత ఫోన్‌నే మరో రెండేళ్లు లాక్కురావాలి. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్ వంటి చోట్ల తెలుగు చదువుకునే పిల్లలకు ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. అక్కడ తెలుగు పుస్తకాల దుకాణం ప్రతి వీధిలో ఉండదు. అభ్యాస పత్రం మొదలు పాత ప్రశ్నపత్రం దాకా చాలా వాటికి ఫోనే ఆధారం.

బీరువా వేరు, బల్ల వేరు

‘మెమరీ నిండిపోయింది’ అని మనం రెండు వేర్వేరు విషయాలకు అంటుంటాం. ఫొటోలు, వీడియోలు దాచుకునే చోటు స్టోరేజి. అది బీరువా లాంటిది. ఇప్పుడు నడుస్తున్న పనికి కావలసిన చోటు ర్యామ్. అది పుస్తకం తెరిచి పెట్టుకునే బల్ల. బీరువా 64 జీబీ ఉన్నా బల్ల 2 జీబీయే అయితే పెద్ద పుస్తకం తెరవడం కష్టం. అందులోనూ సగానికి పైగా ఫోన్ వ్యవస్థే వాడేసుకుంటుంది.

ర్యామ్ తగ్గినప్పుడు ఆండ్రాయిడ్ తనంతట తానే కొన్ని యాప్‌లను మూసేస్తుంది. తెర మీద ఉన్నదాన్ని వీలైనంత వరకు కాపాడి, వెనక ఉన్నవాటిని తీసేస్తుంది. పిల్లవాడు పాఠం యాప్‌లో జవాబులు రాస్తూ, నోటుపుస్తకం ఫొటో పంపాలని కెమెరా తెరిచాడనుకుందాం. కెమెరాకు ర్యామ్ చాలా కావాలి. అప్పుడు వెనక్కి వెళ్లిన పాఠం యాప్ మూతపడుతుంది. తిరిగి వచ్చేసరికి మొదటి పేజీ కనిపిస్తుంది, రాసిన జవాబులు ఉండవు. తప్పు పిల్లవాడిది కాదు. జవాబు రాసిన వెంటనే దాన్ని స్టోరేజిలో భద్రం చేయని యాప్‌ది.

ఒక పేజీ, రెండు లెక్కలు

తెలుగు పాఠాల విషయంలో మరో చిక్కు ఉంది. వాటిలో చాలా భాగం అక్షరాలుగా కాక బొమ్మలుగా తిరుగుతున్నాయి. పేజీని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మామూలైపోయింది. 12 మెగాపిక్సెల్ ఫొటో ఫైలుగా మూడు నాలుగు ఎంబీలే ఉండవచ్చు. కానీ దాన్ని పూర్తి పరిమాణంలో తెరిస్తే ర్యామ్‌లో ఒక్కో చుక్కకు 4 బైట్లు కావాలి. 4000 చుక్కల పొడవు, 3000 చుక్కల వెడల్పు, ఒక్కోదానికి 4 బైట్లు. మొత్తం 4.8 కోట్ల బైట్లు, అంటే దాదాపు 48 ఎంబీ. పది పేజీలు ఒకేసారి తెరిచే యాప్ అయితే 480 ఎంబీ.

అదే పేజీ యూనికోడ్ అక్షరాల్లో ఉంటే? తెలుగులో ఒక్కో సంకేతానికి ఫైలులో సాధారణంగా 3 బైట్లు పడతాయి. పేజీకి 1500 సంకేతాలు అనుకున్నా 4500 బైట్లే. తెర మీద చూపడానికి కొంత చోటు ఎలాగూ కావాలి. అయినా తేడా వేల రెట్లలో ఉంటుంది. పైగా అక్షరాలైతే పెద్దవి చేసుకోవచ్చు, వెతకవచ్చు, చూపు సరిగా లేని పిల్లలకు ఫోన్ చేత చదివించవచ్చు.

తెలుగు 1991లోనే యూనికోడ్‌లో చేరింది. అయినా మన డీటీపీ కేంద్రాల్లో అను వంటి పాత ఫాంట్ల వాడకం పోలేదు. వాటిలో టైపు చేసిన పాఠాన్ని అక్షరాలుగా ఫోన్‌కు పంపితే గజిబిజిగా కనిపిస్తుంది. అందుకే బొమ్మగా మార్చి పంపుతున్నారు. ఆ అలవాటు భారం చివరికి పిల్లల ఫోన్ల మీద పడుతోంది.

పొదుపు ఎవరి బాధ్యత?

2017లో గూగుల్ తెచ్చిన ఆండ్రాయిడ్ గో, 1 జీబీ అంతకన్నా తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్ల కోసమే. ఆండ్రాయిడ్ 13 వచ్చేసరికి ఆ గో ఫోన్లకే కనీసం 2 జీబీ ఉండాలన్నారు. ర్యామ్ చవకైన రోజుల్లో యాప్‌లు బరువెక్కాయి, కనీస అవసరమూ పెరిగింది. ఇప్పుడు ధర ఎదురు తిరిగింది కాబట్టి బరువు తగ్గించుకోవలసింది యాప్‌లే.

ఆ పద్ధతులు కొత్తవి కావు. బొమ్మను తెరకు సరిపడా కుదించి తెరవాలి. పై ఫొటోనే పొడవూ వెడల్పూ నాలుగో వంతుకు తగ్గిస్తే 48 ఎంబీ కాస్తా 3 ఎంబీ అవుతుంది. పొడవైన జాబితాలో కనిపించే వరుసలనే సిద్ధం చేయాలి. బంతిలో కూర్చున్నవారికే వడ్డిస్తాం కదా, ఊరందరికీ ఒకేసారి విస్తళ్లు వేయం. మూసిన పాఠాన్ని ర్యామ్‌లో వదిలేయకూడదు. ఫోన్ వ్యవస్థ మెమరీ తక్కువైందని హెచ్చరించినప్పుడు అదనంగా దాచుకున్నవి వెంటనే వదులుకోవాలి.

మన వంతు పని కూడా ఉంది. పాఠం తయారుచేసే ఉపాధ్యాయులు యూనికోడ్‌లో టైపు చేయాలి. ఫొటో తప్పనిసరైతే పరిమాణం తగ్గించి పంపాలి. బడికి యాప్ చేయించేటప్పుడు యాజమాన్యాలు 2 జీబీ ఫోన్‌లో, మధ్యలో కెమెరా తెరిచి మరీ పరీక్షించి చూపమని అడగాలి. ‘ర్యామ్ క్లీనర్’ యాప్‌లను తల్లిదండ్రులు నమ్ముకోవద్దు. అవి మూసేసిన యాప్ మళ్లీ మొదటి నుంచి తెరుచుకోవాలి. దానివల్ల సమయం, బ్యాటరీ వృథా.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పేందుకు తగిన వసతులు కల్పించే ప్రయత్నం చేయాలని రాజ్యాంగం 350ఏ అధికరణం రాష్ట్రాలకు నిర్దేశిస్తోంది. పాఠం ఫోన్‌లోకి చేరిన ఈ రోజుల్లో, చిన్న ఫోన్‌లోనూ తెరుచుకునే తెలుగు పాఠం కూడా అలాంటి వసతే. బడులు దాన్ని అడిగి తీసుకోవాలి.