మూలనపడ్డ క్యాలిపర్లు

క్యాలిపర్ అంటే కాలికి రెండు పక్కల ఇనుప కమ్మీలు, పిక్కకు తోలు పట్టీ, కింద బూటు. ఇనుప కీలు చీలమండకు సరిగ్గా ఎదురొస్తేనే వేలాడే పాదం నిలుస్తుంది. లేకుంటే పట్టీ ఒరుసుకుని పుండవుతుంది. పిల్ల ఎదిగితే కమ్మీ చాలదు. శిబిరాల్లో మాత్రం దండలు, ఫొటోలు, పంపకం. మళ్లీ కొలత తీసే నాథుడుండడు.

దేశంలో పోలియో పోయిందని 2014లో ప్రకటించారు. పోలియో తిన్న కాళ్లు మన వాడల్లో ఇంకా ఈడ్చుకుంటూనే నడుస్తున్నాయి.

ఇంకో మాట. బూటు విప్పితే క్యాలిపర్ ఊడినట్టే. చెప్పులు చేతబట్టి తమ వీధి దాటమన్నోళ్లు ఈ బిడ్డనూ 'బూటు బయట విడిచి రా' అంటే, పాకమనడమే. ఒప్పుకోం.

కొలత, మరమ్మతు ఏరియా ఆస్పత్రిలోనే జరగాలి. మూలనపడ్డ క్యాలిపర్లన్నీ వాడవాడా పోగేయండి. సోమవారం గ్రీవెన్సుకు మోసుకెళ్లి కలెక్టర్ బల్లమీద పెడదాం.