ముచ్చటలకు ఆటకట్టు వలెనా?

మన పాఠశాల కంప్యూటరు గదిలో శనివారము మధ్యాహ్నము జరుగు వ్యాసంగమును కన్నులార చూడని తలిదండ్రులకు ముందుగా దాని స్వరూపము చెప్పవలసియున్నది. అక్కడ పిల్లలు ఆటలు ఆడుట తక్కువ, ఆటలను తయారుచేయుట ఎక్కువ. అందులకు వారు వాడునది 'స్క్రాచ్' అను సాధనము. అమెరికాలో ఎం.ఐ.టి. యను సాంకేతిక విద్యాలయమున మిచెల్ రెస్నిక్ అను ఆచార్యుని బృందము దీనిని రూపొందించి 2007లో లోకమునకు విడుదల చేసినది. దీనికి ఒక్క పైసయైన చెల్లింప నక్కరలేదు. ఆజ్ఞలను కంఠస్థము చేసి టైపు చేయు పని లేకుండ, రంగురంగుల బిళ్ళలను ఒకదాని క్రింద నొకటి తగిలించుచు పోయినచో తెరమీది బొమ్మ నడచును, ఎగురును, మాటాడును. తాను చేసిన ఆటను పిల్లవాడు లోకమంతటికి కనిపించునట్లు ప్రచురింపవచ్చును. అట్లు ప్రచురించిన ఆట క్రింద, చూచినవారు తమకు తోచిన మాట వ్రాయుటకు చోటు కలదు. ఆ చోటే ఇప్పుడు మన ఊరిలో వివాదమునకు మూలమైనది.

"పిల్లలు విద్య నేర్చుకొందురని పంపుచున్నాము గాని, వారు కూర్చుండి ఊసుపోని కబుర్లు వ్రాసికొనుచున్నారు, ఆ కబుర్ల భాగమును మూయించండి" అని గత సమావేశమున కొందరు పెద్దలు కోరినారు. కోరినవారు మాకు గౌరవనీయులు. వారి భయములో కొంత న్యాయము కూడ కలదు. ఐనను ఆ కోరికను మేము సమర్థింపలేకున్నాము. ఎందుచేతనో విన్నవించుకొనుటకే ఈ వ్యాసము.

నాలుగు వారములపాటు ఆ ముచ్చటలను మేము చదివితిమి. పిల్లలకు ముందుగా చెప్పియే చదివితిమి. అందు తిండి మాటలు కలవు. వాన మాటలు కలవు. "మా ఇంట్లో ముద్ద చేసినారు, తిని వస్తా, నా ఆట మూయొద్దు" వంటివి కోకొల్లలు. వీనిని మాత్రమే చూచినవారికి విసుగు పుట్టుట సహజము. కాని ఒక ఉదాహరణము వినుడు. ఏడవ తరగతి బాలుడొకడు చిక్కుదారుల ఆటను చేసినాడు. అందులో ఒక చిన్న చీమ దారి వెదకికొనుచు పోవలెను, గోడ తగిలినచో ఆగవలెను. కాని ఆ చీమ ఆగుటకు బదులు గోడలో దూరి ఆవలకు పోవుచున్నది. ఎందుకో వానికి అంతుపట్టలేదు. ఆట క్రింద ఏమి వ్రాసికొన్నారో చూడుడు.

"అక్కా, నా చీమకు దయ్యం పట్టినట్లుంది. గోడలో దూరిపోతా ఉంది."

"దయ్యం లేదు గియ్యం లేదు. ఒక్కో మారు ఎన్ని అడుగులు వేయిస్తా ఉన్నావు?"

"పది. బిళ్ళలో ఉండిందే పెట్టినా."

"నీ గోడ మందం నాలుగే కదరా. చీమ ఈ పక్కన ఉండి, మళ్ళీ చూసేసరికి ఆ పక్కన ఉంటుంది. గోడమీద కాలే పెట్టలేదు, ఇంక తగిలేదెట్ల? రెండు రెండు వేయించు."

"అయింది అక్కా! సరే గాని, రేపు సాంఘిక పరీక్షకు చదివినావా?"

స్క్రాచ్‌లో ఆట జరుగు రంగస్థలము వెడల్పు 480 అడుగులు, ఎత్తు 360 అడుగులు. ఈ అడుగులు తెరమీది చుక్కల వంటివి. నడిపించు బిళ్ళలో ముందుగానే 10 అను అంకె వేసియుండును. యంత్రము చలనమును మనము చూచునట్లు ఎడతెగకుండ చూడదు. ఒక గంతుకు, మరియొక గంతుకు నడుమ ఏమున్నదో అది ఎరుగదు. ఈ సూక్ష్మమును ఎనిమిదవ తరగతి బాలిక ఒకతె నాలుగు మాటలలో తేల్చినది. ఏ పాఠములోను మేము దీనిని చెప్పియుండలేదు. ఆ నాలుగు మాటలకు ముందు దయ్యపు మాట, తరువాత పరీక్ష మాట కలవు. వానిని ఏరివేసి పాఠమును మాత్రము మిగుల్చుడని ఎవరైన కోరినచో, అది మావల్ల కాదు. దయ్యమని నవ్వుటకు చోటుండబట్టియే ఆ పిల్లవాడు తన చిక్కును బయట పెట్టినాడు. చేయి ఎత్తి ఉపాధ్యాయుని అడుగుటకు వానికి సిగ్గు.

మన ఇండ్లలో తల్లులు నలుగురు చేరి వేరుశనగ కాయలు ఒలుచునపుడు నోళ్ళు కట్టుకొని ఒలుచుచున్నారా? చేటలు నిండుచునే యుండును, ఊరి సంగతులు దొర్లుచునే యుండును. కబుర్లు మానిపించినచో కాయలు ఎక్కువ ఒలుచుట యుండదు; మరునాడు ఆ నలుగురు చేరుటయే యుండదు.

ఇక భయము సంగతి. పరాయివారు పిల్లలతో మాట కలిపి చెరుపు చేయుదురేమో యనునది తలిదండ్రుల ముఖ్యమైన శంక. ఇది కాదనదగినది కాదు. స్క్రాచ్‌లో చాటుమాటుగా ఒకరికొకరు ఉత్తరములు వ్రాసికొను ఏర్పాటు లేదు; ఏ మాటయైనను బయట, అందరు చూచుచోట వ్రాయవలసినదే. ఒక్కొక్క వ్యాఖ్యకు 500 అక్షరముల హద్దు కలదు. ఇంటి చిరునామా, ఫోను నంబరు వ్రాయరాదని నియమము. చెడ్డ మాటలను పట్టుకొను యంత్రపు జల్లెడ యొకటి పనిచేయును. దానిని దాటి వచ్చినవానిపై ఎవరైనను ఫిర్యాదు చేయవచ్చును. ఆ ఫిర్యాదులను చూచుటకు మోడరేటర్లు అను మనుష్యులు కలరు. ఇష్టము లేనిచో తన ఆట క్రింద వ్యాఖ్యలే రాకుండ మూసికొను హక్కు ఆ పిల్లవానికే కలదు. మన పార్లమెంటు 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలురుగా ఎంచి, వారి వివరములను వాడుటకు తలిదండ్రుల అనుమతి వలెనని విధించినది. ఇన్ని కట్టుబాట్లున్నను అపాయము వచ్చు త్రోవ ఒకటి మిగిలియే యున్నది. "ఇక్కడ వద్దు, వేరొకచోటికి రా, మాటాడుకొందము" అని ఎవడో పిలుచుట. బాలబాలికలారా, ఈ ఒక్క మాట విన్న వెంటనే మీ ఇంటనో మాకో చెప్పవలెను. చెప్పినందుకు మిమ్ము ఎవరును కోప్పడరు, కంప్యూటరు గదికి రావద్దనరు. పెద్దలకు కూడ ఇదే మనవి. చెప్పిన పిల్లకే శిక్ష పడునని తెలిసినచో, రెండవ పిల్ల ఎన్నడు చెప్పదు.

కాని మా అసలు చింత వేరు. పై కావలి యంతయు మన మాట తెలియనివారి చేతిలో నున్నది.

యంత్రపు జల్లెడలు అక్షరములను చూచునే గాని అర్థమును చూడవు. ఇంగ్లండులో స్కంథార్ప్ అను పట్టణము కలదు. 1996లో ఒక పెద్ద ఇంటర్నెట్టు సంస్థ జల్లెడ ఆ ఊరిపేరి నడుమ ఒక బూతుమాట ఇమిడియున్నదని పట్టుకొని, ఆ ఊరివారిని తమ ఊరిపేరు వ్రాసికొని చేరనీయలేదు. ఇంగ్లీషువారి ఊరిపేరుకే ఆ గతి పట్టగా, మన మాటల గతి చెప్పవలెనా? 'అస్సలు' అను నిర్దోషియైన మాటను మన పిల్లలు రోమను లిపిలో వ్రాసినపుడు, మొదటి మూడక్షరములు ఇంగ్లీషున గాడిదకు పేరు, తిట్టు కూడ నగును. "అస్సలు బాగుంది" అని మెచ్చుకొన్న పిల్లవాడు ఇట్టి జల్లెడల కంటికి దోషిగా కనబడవచ్చును. అటు, తెలుగున నోట పలుకరాని తిట్టును రోమను లిపిలో వ్రాసినచో, అమెరికాలో కూర్చున్న మోడరేటరుకు అది మామిడికాయ పచ్చడి పేరో, తిట్టో ఎట్లు తెలియును? మన హోసూరు పిల్లలు వ్రాయునది అచ్చ తెలుగు కూడ కాదు. క్రియ తెలుగు, ఆశ్చర్యము తమిళము, వెక్కిరింత కన్నడము. జపాను వారికి, స్పానిషు వారికి స్క్రాచ్‌లో ప్రత్యేకముగా చర్చావేదికలు కలవు. ఈ మూడు నదుల సంగమమునకు వేదిక ఏ దేశమున నుండును?

ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన జరుగుటకు వసతులు కల్పింప యత్నింపవలెనని 1956లో మన రాజ్యాంగమున 350-ఏ అధికరణమును చేర్చినారు. మన పాఠశాల అట్టి భావము నీడన నిలిచినదే. ఐతే ఆ అధికరణము పాఠమును గూర్చి పలికినదే గాని, పాఠము ముగిసిన తరువాత పిల్లలు చెప్పుకొను మాటలను గూర్చి పలుకలేదు. భాష నిలుచునది ఎక్కువగా ఆ రెండవచోటనే యని మా అభిప్రాయము.

ఇటీవల జరిగిన తగవు కొందరు పెద్దల చెవిని పడియున్నది. ఒక బాలుడు చేసిన బండి పందెము ఆటను మరియొకడు తీసికొని, రంగులు మార్చి, తన పేర ప్రచురించినాడు. మొదటివాడు "దొంగ" యన్నాడు. రెండవవాని మిత్రులు తిట్టినారు. తిట్లు మూడు భాషలలో జరిగినవి. స్క్రాచ్ నియమము ప్రకారము రెండవవాడు చేసినది దొంగతనము కాదు. ఒకరి ఆటను మరియొకరు తీసికొని మార్చుట అక్కడ అనుమతింపబడినదే. దానిని 'రీమిక్స్' అందురు. ఇది ఫలానివారి ఆటకు మార్పు అని యంత్రమే ఒక పంక్తి వేయును కూడ. మరి మొదటివానికి అంత దుఃఖమేల?

ఈ ప్రశ్నకు సమాధానము ఉన్నది. స్క్రాచ్ మొదలైన కొత్తలోనే, తమ పనిని అపహరించిరని పిల్లలు మొరపెట్టుకొన్నారు. అందుచేతనే యంత్రము తనంతట తానే మూలకర్త పేరు చూపు ఏర్పాటును చేసినారు. ఐనను మొరలు ఆగలేదు. ఆ వేదికను నిర్మించిన ఆండ్రెస్ మొన్రాయ్-హెర్నాండెజ్, బెంజమిన్ మాకో హిల్ మొదలగువారు ఈ సంగతిని పరిశోధించి 2011లో ప్రకటించినారు. యంత్రము పేరు చూపినందున పిల్లలకు తృప్తి కలుగలేదు. తీసికొన్నవాడు తన చేతితో "ఇది ఫలానివారు చేసినది, వారికి కృతజ్ఞతలు" అని వ్రాసినచో, ఆ కొద్దిపాటి మాట వారికి ఎంతో విలువైనదిగా తోచినదట. మన బండి పందెపు తగవు కూడ అట్లే తీరినది. రెండవవాని చేత ఆ పంక్తి వ్రాయించితిమి. మొదటివాడు "పరవాలేదు అన్నా, నీ రంగులే బాగున్నాయి" అని వ్రాసినాడు. తిట్టినవారు మాత్రము ఇంకను ముఖములు ముడుచుకొనియే యున్నారు. దానికి కొంత కాలము పట్టును.

పేరు చూపుట విషయమున తేలినదే మాట తొలగించుట విషయమునను వర్తించునని మేము తలచుచున్నాము. తన మాటను యంత్రము తుడిచివేసినచో పిల్లవాడు ఏమియు నేర్వడు. అక్షరములు అటునిటు మార్చి మరల వ్రాయుట నేర్చుకొనును. తన ఊరివాడు, తన భాషవాడు ప్రక్కకు పిలిచి "ఈ మాట ఆ పిల్లను నొప్పించినది, తీసివేయుచున్నాము" అని చెప్పినచో వాడు తల వంచుకొని వినును, లేక వాదించును. వాదించినను మేలే.

కనుక మేము కోరునది ఇది. స్క్రాచ్‌లో మన పాఠశాల పేర ఒక 'స్టూడియో'ను తెరువవలెను. స్టూడియో యనగా పలువురి ఆటలను ఒకచోట చేర్చి, వానిపై మాటాడుకొను కొట్టమువంటిది. దానిని నడుపువారు అందలి మాటలను కనిపెట్టి చూడవచ్చును. ఒక ఉపాధ్యాయుడు పెద్దగా నుండి, తొమ్మిదవ తరగతి నుండి ఒక బాలికయు ఒక బాలుడును నెలకొక జంట చొప్పున మోడరేటర్లుగా నుండవలెను. పదవ తరగతివారికి పరీక్షలు చాలును. తన ఆటను గూర్చిన తగవులో మోడరేటరు తానే తీర్పరి కాకూడదు. కోపముగా నున్నపుడు ఎవరి మాటను తొలగింపరాదు. ఒక పీరియడు ఆగి చూడవలెను. అయితే ఫోను నంబరు, చిరునామా కనబడినచో ఆగనక్కరలేదు, వెంటనే తీసివేయవలెను. తిండిని గూర్చి, వానను గూర్చి, సినిమాను గూర్చి వ్రాసినంతమాత్రమున ఏ మాటయు తీయబడదు. తెలుగులిపిలో వ్రాయుటను ప్రోత్సహింతము గాని, తమిళమో కన్నడమో కలిసినదని తుడిచివేయము. ముచ్చటలో వ్యాకరణము దిద్దము. ఈ చివరి నియమమునకు మాలో తెలుగు బోధించువారే మొదట ఒప్పుకొన్నారని గమనింపగోరెదము.

తొలగించిన ప్రతి మాటకు తేదీ, కారణము, తొలగించినవారి సంతకము ఒక నోటుపుస్తకములో నుండవలెను. ఆ పుస్తకము ప్రధానోపాధ్యాయుల గదిలో బల్లమీద నుండును. పని దినములలో సాయంకాలము నాలుగు గంటలకు మేల్ ఏ తల్లియైనను, ఏ తండ్రియైనను వచ్చి చదువవచ్చును. చదివి తమ అభిప్రాయమును ఎదుటి పేజీలో వ్రాయవచ్చును.