స్టిక్కర్లు చాలు, టవర్ అడుగుదాం



మునగాల హైవే మీద నిలబడితే ఫోన్‌లో వీడియో ఆగకుండా నడుస్తది. రోడ్డు దిగి మా తండాకు వస్తే ఓటీపీ కోసం డాబా ఎక్కాలె. స్కాలర్‌షిప్ ఫారం నింపేటప్పుడు ఓటీపీ వచ్చేలోపే టైం అయిపోతది. దీనికి పెద్దమనుషులు చెప్పే మందు ఒక్కటే: "యాంటెన్నా పెట్టుకోండి."

సరే, ఆ మందు సంగతే చూద్దాం. ఫోన్ వెనక అంటించే స్టిక్కర్ లోపలి యాంటెన్నాకు ఎక్కడా కలవదు. దానికి పెట్టిన డబ్బు దండగ. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి బయటి యాంటెన్నా తగిలించే చోటే లేదు. అది ఉండేది కొన్ని 4జీ రూటర్లకు. డాబా మీద టవర్ వైపు తిప్పి యాంటెన్నా కడితే కొంత పని చేస్తది. కానీ సన్న కేబుల్ పది మీటర్లు లాగితే అందిన సిగ్నల్‌లో సగానికి పైగా కేబులే మింగుతది. లైసెన్స్ లేని బూస్టర్ పెట్టడమైతే నేరం, పక్కింటోళ్ల సిగ్నల్ కూడా చెడగొడతది. అసలు మాట ఏందంటే, యాంటెన్నా ఉన్న సిగ్నల్‌నే పట్టుకుంటది, లేనిదాన్ని పుట్టించదు.

మరి లేని సిగ్నల్ ఎవరు తేవాలె? టెలికాం కంపెనీల లెక్కగట్టిన ఆదాయంలో 5 శాతం పల్లెల ఫోన్ సౌకర్యం కోసమని 2002 నుంచి కేంద్రం ఒక నిధికి రాబడుతున్నది. 2023 చట్టం దాని పేరును డిజిటల్ భారత్ నిధిగా మార్చింది. 2022 జులైలో 24,680 ఊర్లకు 4జీ ఇస్తామని 26,316 కోట్లు మంజూరు చేసిన్రు. కంపెనీల ఆదాయం మన రీచార్జ్‌ల నుంచి వచ్చిందే గదా! మనం అడిగేది దానం కాదు, మన వాటా.

"సిగ్నల్ లేదు" అని ఊరికే అంటే ఎవరూ వినరు. ఫోన్ సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ అంకె డీబీఎంలో కనపడతది. 4జీలో మైనస్ 90 ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే కష్టమే. ఇంటింటా ఆ అంకె, తేదీ, టైం రాయండి. 2018 చట్టంతో మన తండాలు ఎన్నో పంచాయతీలైనయి. ఆ లెక్కను గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించి, కలెక్టర్‌కు పంపి, రసీదు తీసుకోండి.

వేపచెట్టుకు రాగితీగ కట్టి రేడియో విన్న తాతల కాలం వేరు. మనల్ని కూడా చెట్టెక్కమంటే మాత్రం ఊరుకోవద్దు.