అందరికీ ఒకే పెన్‌డ్రైవా?

రాజమహేంద్రవరంలో దేవీచౌక్ నుంచి కోటిపల్లి బస్టాండు దాకా ఏ కంప్యూటర్ రిపేరు షాపు మెట్లెక్కినా వినిపించే మాట ఒక్కటే: "ఫార్మాట్ కొట్టేద్దామండీ, కొత్త విండోస్ వేస్తే అన్నీ సెట్ అయిపోతాయి." టచ్ పనిచేయకపోయినా ఆ మాటే, వైఫై కనబడకపోయినా ఆ మాటే, తెర తిప్పితే బొమ్మ తిరగకపోయినా ఆ మాటే. చెప్పేవాళ్లు మోసగాళ్లేం కారు, మనస్ఫూర్తిగా నమ్మే చెబుతున్నారు. ఇంజనీరింగ్ పిల్లలు, లెక్చరర్లు, ప్లీడర్లు, ఎల్ఐసీ ఏజెంట్లు కూడా అంతే నమ్మకంగా యంత్రాన్ని అప్పగించి వస్తున్నారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేశాక ఈ నమ్మకం మరీ ముదిరింది. పదకొండుకు మారాలంటే మొత్తం తుడిచేయడం తప్ప దారి లేదన్నట్టు మాట్లాడుతున్నారు.

ఈ నమ్మకం తప్పు. బల్ల మీద కూర్చునే డెస్క్‌టాప్ దగ్గర కొంతవరకు చెల్లుతుంది. కీబోర్డును వెనక్కి మడిచి ట్యాబ్లెట్‌లా పట్టుకునే కన్వర్టిబుల్ దగ్గర మాత్రం చెల్లదు సరికదా, చేటు చేస్తుంది.

డెస్క్‌టాప్‌కు కీబోర్డు, మౌస్ యూఎస్‌బీ తీగతో తగులుతాయి. వాటికి కావలసిన డ్రైవర్లు విండోస్‌లోనే ఉంటాయి. కన్వర్టిబుల్ అలా కాదు. చాలా మోడళ్లలో టచ్ తెర, టచ్‌ప్యాడ్ రెండూ ఐ2సీ అనే లోపలి దారి మీద కూర్చుంటాయి. ఆ దారి తెరుచుకోవడానికి ముందు ఇంటెల్ సీరియల్ ఐవో డ్రైవర్ పడాలి, ఆ తర్వాతే టచ్ సంగతి. తెర అడ్డంగా ఉందా నిలువుగా ఉందా అని చెప్పే సెన్సర్లకు వేరే డ్రైవర్. కీలు దగ్గర మడిచారా లేదా అని కనిపెట్టి, మడవగానే కీబోర్డును ఆపేయడానికి ఇంకొకటి. షాపులో కొత్త విండోస్ వేసి ఇచ్చిన యంత్రాన్ని ఇంటికి తెచ్చి వెనక్కి మడిచి చూడండి. వెనకవైపు పట్టుకున్న వేళ్లు మీటల మీద పడి, చదువుతున్న పత్రంలో పిచ్చి అక్షరాలు టైపవుతూ ఉంటాయి. నిలువుగా తిప్పితే తెర అడ్డంగానే ఉండిపోతుంది. "మీకు సెట్ అయిపోయిందండీ" అని చేతికిచ్చినది ఈ యంత్రాన్నే. ట్యాబ్లెట్ కోసం అదనంగా డబ్బు పెట్టినవాడికి మామూలు ల్యాప్‌టాప్ మిగిలింది, అదీ అరకొరగా.

ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లు, ఆ తర్వాతివి ఉన్న యంత్రాల్లో చాలావాటికి కంపెనీవాళ్లు వీఎండీ అనే ఏర్పాటును బయాస్‌లో ఆన్ చేసి పంపుతారు. ఎస్‌ఎస్‌డీ దాని వెనక ఉంటుంది. షాపువాడి పెన్‌డ్రైవ్‌లోని మామూలు విండోస్ సెటప్‌లో వీఎండీ డ్రైవర్ లేకపోతే, విండోస్ ఎక్కడ వేయాలో అడిగే చోట జాబితా ఖాళీగా కనిపిస్తుంది. "ఎస్‌ఎస్‌డీ పోయిందండీ, ఆయ్" అని తీర్పు వచ్చేది ఇక్కడే. నిక్షేపంగా ఉన్న దాన్ని తీసేసి కొత్తది వేసినా ఆ జాబితా ఖాళీగానే ఉంటుంది. అప్పుడు "అయితే బోర్డేనండీ" అంటారు.

నిజానికి చేయవలసినది చాలా చిన్న పని. అదే తెర మీద 'లోడ్ డ్రైవర్' అని ఉంటుంది. వీఎండీకి కావలసిన ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, అది నొక్కి, ఫోల్డర్ చూపించాలి. వీఎండీ కంట్రోలర్ అనే పేరున్న వరుసను ఎంచుకుని ముందుకు వెళ్తే, కాసేపటికి ఖాళీ జాబితాలో డిస్కు వచ్చి కూర్చుంటుంది. డౌన్‌లోడ్ చేసిన ఈఎక్స్ఈ ఫైలును ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే మాత్రం పని జరగదు. సెటప్ వెతికేది ఐఎన్ఎఫ్ ఫైళ్లను. ఈఎక్స్ఈని ముందుగా ఇంకో కంప్యూటర్ మీద విప్పి, లోపలి ఫోల్డర్‌ను బయటికి తీసి పెట్టుకోవాలి. చాలామంది తప్పుతున్నది ఈ ఒక్క మెట్టు దగ్గరే. కొందరు బయాస్‌లో వీఎండీనే ఆపేస్తారు. డిస్కు కనబడుతుంది నిజమే. కానీ వీఎండీ ఆన్‌లో ఉండగా వేసిన పాత విండోస్ ఆ తర్వాత లేవదు, నీలం తెర పడుతుంది. దాన్ని చూసి "చూశారా, ఫార్మాట్ తప్పదని చెప్పాంగా" అనడం న్యాయం కాదు.

"డ్రైవర్లదేముందండీ, నెట్ తగిలిస్తే అవే దిగిపోతాయి" అనే వాదన ఉంది. కొంత నిజం ఉన్న వాదన, అందుకే ప్రమాదకరం. విండోస్ అప్‌డేట్ చాలా డ్రైవర్లను తెచ్చిపెడుతుంది, వైఫై పనిచేస్తే. వైఫై డ్రైవరే లేకపోతే? పలచటి కన్వర్టిబుల్స్‌లో చాలావాటికి నెట్ తీగ పెట్టుకునే చోటు ఉండదు. విండోస్ 11 మొదటి అమరికలోనే ఇంటర్నెట్ అడిగి అక్కడే నిలబడిపోతుంది. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెడితే సాధారణంగా ఆ గండం గట్టెక్కుతుంది. ఆ మాట కస్టమర్‌కు చెప్పి పంపే షాపులు మాత్రం అరుదు.

చవక రకాల సంగతి ఇంకా కష్టం. 2014, 2015 ప్రాంతంలో ఆటమ్ ప్రాసెసర్లతో వచ్చిన చిన్న ట్యాబ్లెట్లు ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. వాటిలో కొన్నింటి టచ్ చిప్‌కు డ్రైవర్ ఒక్కటే చాలదు, ఆ ప్యానెల్‌కే సరిపోయే ఫర్మ్‌వేర్ ఫైలు కావాలి. వేరే మోడల్‌ది వేస్తే ఒకరి కళ్లజోడు ఇంకొకరికి పెట్టినట్టే: ఎడమవైపు నొక్కితే కుడివైపు పలుకుతుంది. తయారుచేసిన కంపెనీ తన సైట్‌లోంచి ఆ ఫైళ్లను తీసేస్తే అవి ఇక ఆ యంత్రంలోనే మిగులుతాయి. ఇంటెల్ అంతటిది కూడా 2019లో పాత డ్రైవర్లను, బయాస్ ఫైళ్లను తన సైట్‌లోంచి తొలగించింది. ఫార్మాట్‌తో చెరిగిపోయేది ఆ చివరి ప్రతి. పైగా వీటిలో చాలావాటి ప్రాసెసర్ 64 బిట్లదైనా, యంత్రాన్ని బూట్ చేసే లోపలి యూఈఎఫ్ఐ 32 బిట్లదే. 64 బిట్ల పెన్‌డ్రైవ్ పెడితే బూట్ జాబితాలో అసలు కనబడదు. అక్కడా పాపం బోర్డు మీదకే పోతుంది.

నేను వాదించేది ఇది: కన్వర్టిబుల్ కొన్న మొదటి వారంలోనే, అన్నీ సవ్యంగా ఉండగా, దాని రికవరీ డ్రైవ్‌ను దాని మీదే తయారుచేసి పెట్టుకోవాలి. విండోస్‌లోనే ఆ సదుపాయం ఉంది, 'రికవరీ డ్రైవ్' అని వెతికితే వస్తుంది. కనీసం 16 జీబీ పెన్‌డ్రైవ్, వీలైతే 32. సిస్టమ్ ఫైళ్లను కూడా బ్యాకప్ చేయమనే చిన్న గడికి టిక్ ఉండాలి. ఆ టిక్ తీసేస్తే మిగిలేది రిపేరు సామాను మాత్రమే, విండోస్ తిరిగి వేయడానికి అందులో ఏమీ ఉండదు. ఆ యంత్రం లోపలి రికవరీ భాగాన్నే ఇది ప్రతి తీసుకుంటుంది కాబట్టి, కంపెనీ అందులో పెట్టిన డిస్కు డ్రైవర్ కూడా వెంట వస్తుంది. షాపువాడి పెన్‌డ్రైవ్‌కు కనబడని ఎస్‌ఎస్‌డీ దీనికి కనబడటానికి కారణం అదే.

రికవరీ డ్రైవ్ సర్వరోగ నివారిణి అని నేననను. అందులో మన ఫొటోలు, పత్రాలు ఉండవు, వాటి బ్యాకప్ వేరే. ఏడాదికోసారి మళ్లీ చేసుకోమని మైక్రోసాఫ్టే చెబుతుంది. రికవరీ తెరలో చాలాసార్లు టచ్ పలకదు, అందుకని ఓటీజీ కేబుల్, ఒక మామూలు యూఎస్‌బీ కీబోర్డు దగ్గరుంచుకోవాలి. మధ్యలో టచ్ ప్యానెల్ మార్చి వేరే రకం వేయించి ఉంటే పాత డ్రైవర్ దానికి కుదరకపోవచ్చు. డ్రైవర్ల ఇబ్బందికి విరుగుడుగా ఇంకో పని ఉంది. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిజమ్ అనే సాధనంతో, యంత్రంలో వేసి ఉన్న బయటి డ్రైవర్లన్నిటినీ ఒకే ఆదేశంతో ఫోల్డర్‌లోకి ఎగుమతి చేయవచ్చు. ఆ ఫోల్డర్ చేతిలో ఉంటే, తర్వాత అదే రకం విండోస్ మళ్లీ వేసినా డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉన్న వరుస మీద కుడి క్లిక్ చేసి, ఆ ఫోల్డర్ చూపిస్తే సరిపోతుంది.

"రికవరీ పార్టిషన్ అనవసరంగా జాగా తింటుందండీ" అని యంత్రం లోపలి ఆ రికవరీ భాగాన్ని షాపులవాళ్లు తీసేస్తున్నారు. 32 జీబీ నిల్వ ఉన్న ట్యాబ్లెట్‌లో జాగా ఇబ్బంది నిజమే, కాదనను. కానీ ముందు పెన్‌డ్రైవ్‌లోకి ప్రతి తీయండి, తర్వాతే తీసేయండి. కస్టమర్‌ను అడగకుండా దాన్ని చెరపడం ఎవరి ఆస్తిని ఎవరు పారేయడం?

అన్నిటికన్నా బాధ కలిగించేది ఒకటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిచిన కన్వర్టిబుల్స్‌లో చాలావాటికి డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బయాస్‌లో ఏదైనా కదిపితే 48 అంకెల కీ అడగవచ్చు. అది యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే ఉంటుంది, ఫోన్‌లో తెరిచి చూసుకోవచ్చు. ఆ సంగతి తెలియక, "లాక్ పడిపోయిందండీ" అని ఫార్మాట్ కొడితే, ఆ తర్వాత ఏ డేటా రికవరీ సాఫ్ట్‌వేర్ తెచ్చినా ఒక్క ఫైలూ వెనక్కి రాదు. పీహెచ్‌డీ విద్యార్థి థీసిస్ పోయినా, కడియం నర్సరీ యజమాని ఏళ్ల తరబడి రాసుకున్న లెక్కలు పోయినా, పోయినట్టే.

షాపులవాళ్లు చెప్పుకునే ఇబ్బంది నాకు తెలుసు. ఫార్మాట్‌కు ఇంత అని రేటు ఉంది, డివైస్ మేనేజర్ తెరిచి చూసినందుకు ఎవరూ రూపాయి ఇవ్వరు. ఆ లోటు మన వైపు ఉంది. కోడ్ 28 అంటే డ్రైవర్ లేదని, కోడ్ 10 అంటే డ్రైవర్ ఉన్నా పరికరం మొదలవలేదని చదివి చెప్పేవాడి పనికి విలువ కట్టడం మనం నేర్చుకోవాలి. కాబట్టి షాపువాళ్లను అడిగేది ఇది: యంత్రం విండోస్‌లోకి వెళ్లగలిగితే ముందు డ్రైవర్లు ఎగుమతి చేయండి, వెళ్లలేకపోతే 'లోడ్ డ్రైవర్' చూడండి, ఎన్‌క్రిప్షన్ కీ ఉందా అని అడగండి. దానికి ఫార్మాట్‌కు తీసుకునేంత డబ్బూ తీసుకుని బిల్లులో 'డ్రైవర్ బ్యాకప్' అని రాసివ్వండి. బిల్లులో ఆ మాట లేని చోట యంత్రం వదిలి రావద్దని కస్టమర్లనూ అడుగుతున్నాను.