రైతు ఇంటి కంచం – పంటల ప్రణాళిక

ప్రతి సంవత్సరం సెప్టెంబరులో పోషణ మాసం నిర్వహిస్తారు. అంగన్‌వాడీ కేంద్రాలలో ఆకుకూరలు, పండ్లు, చిరుధాన్యాలు ప్రదర్శనకు పెట్టి, తల్లులను పిలిచి సమతులాహారం గురించి వివరిస్తారు. అంతకు మూడు నెలల ముందు, తొలకరి వేళ, అదే గ్రామంలో వానాకాలం పంటల సదస్సు జరిగి ఉంటుంది. దానికి ఎక్కువగా పురుషులే వస్తారు. విత్తనం, ఎరువు, తెగుళ్ళు, మద్దతు ధర అక్కడ చర్చకు వస్తాయి. ఆ పొలం పండించిన దానిలో ఇంటికి ఏమి మిగులుతుందన్న ప్రశ్న రాదు. ఒకే కుటుంబానికి చెందిన ఈ రెండు సమావేశాల మధ్య ఎటువంటి సంబంధం లేకపోవడమే, ఎన్ని సలహాలు ఇచ్చినా రైతు కుటుంబాల ఆహారపు అలవాట్లు మారకపోవడానికి ఒక ముఖ్య కారణమని చెప్పవలసి ఉన్నది.

సలహాలకు కొరత లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించి వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2,000 కిలో క్యాలరీలు అవసరమైన వ్యక్తికి సుమారు 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పుదినుసులు లేదా వాటికి బదులుగా గుడ్డు, మాంసం వంటివి, ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు కావాలి. తెలుగు గ్రామాలలో సామాన్య కుటుంబం కంచం దీనికి తలక్రిందులుగా ఉంటుంది. కంచం నిండా అన్నం, దాని మీద పలుచని చారు, అంచున పచ్చడి, చివర మజ్జిగ. కూర ఉన్న నాడు పప్పు ఉండదు; పప్పు ఉన్న నాడు కూర ఉండదు. ఇంటిల్లిపాది తిన్న తరువాత కూర్చునే ఇల్లాలికి ఆ రెండూ గిన్నె అడుగునే మిగులుతాయి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 సంవత్సరాల మహిళలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతంగా నమోదయింది. రక్తహీనతకు కారణాలు అనేకం కావచ్చు. కంచంలోని లోటు వాటిలో చిన్నది కాదు.

ఈ లోటు ఎక్కడ ఉన్నదో గుర్తించడంలోనే పొరపాటు జరుగుతున్నది. అన్నం మానండి, చిరుధాన్యాలు తినండి అన్న ప్రచారం, ముఖ్యంగా 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం తరువాత, ఊరూరా వినిపిస్తున్నది. చిరుధాన్యాల విలువను తక్కువ చేయవలసిన పని లేదు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే బియ్యంలో అందులో పదో వంతు కూడా లేదు. కొర్ర, అండుకొర్రలలో పీచు పదార్థం అధికం. అయితే అవి కూడా ధాన్యాలే. బియ్యంలో వలెనే వాటి మాంసకృత్తులలోనూ లైసిన్ తక్కువ. తెల్లని అన్నం స్థానంలో కొర్ర అన్నం వడ్డించి పక్కన అదే పలుచని చారు పోస్తే ప్రధానమైన లోటు అలాగే ఉండిపోతుంది. పైగా తరతరాల అన్నం అలవాటును ఒక్కసారిగా మానమనడం వలన కుటుంబంలో వృద్ధులు, పిల్లలు ఎదురు తిరుగుతారు; పది రోజులు రెండు రకాల వంట చేసి అలసిన ఇల్లాలు పదకొండో రోజున పాత పద్ధతికే వస్తుంది. మార్చవలసినది ముందుగా అన్నాన్ని కాదు, అన్నం పక్కన ఉండవలసిన దానిని. పప్పు, కూర పెరిగితే అన్నం తనంతట తానే తగ్గుతుంది.

ఇక్కడ పొలం లెక్క ఒకటి చూడవలసి ఉన్నది. నలుగురు ఉన్న కుటుంబానికి పై మార్గదర్శకాల ప్రకారం రోజుకు ఒక కిలో, నెలకు 30 కిలోల ధాన్యం కావాలి. పొలం పని చేసేవారికి మరికొంత ఎక్కువ అవసరం. ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోల చొప్పున 20 కిలోలు ఉచితంగా అందుతున్నవి. తెలంగాణలో మనిషికి 6 కిలోలు, అదీ 2025 ఉగాది నుండి సన్నబియ్యం. అనగా కార్డు ఉన్న కుటుంబానికి కావలసిన ధాన్యంలో అధిక భాగం పొలంతో నిమిత్తం లేకుండా ఇంటికి చేరుతున్నది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం మొదలైన నాటి నుండి ప్రజాపంపిణీ బియ్యమే జొన్నను, కొర్రను కంచం నుండి తొలగించిందన్న విమర్శ ఉన్నది, అందులో నిజమూ ఉన్నది. కాని అదే బియ్యాన్ని మరొక వైపు నుండి చూడవచ్చు. తిండిగింజల భారం తగ్గిన పొలంలో కొంత భాగాన్ని పప్పుకు, కూరకు కేటాయించే వెసులుబాటు చిన్న రైతుకు మునుపెన్నడూ ఇంతగా లేదు. ఆ వెసులుబాటు మొత్తం పత్తికి, అమ్ముకునే వరికి పోతున్నది.

పప్పుకు ఎంత నేల కావాలి? నలుగురికి రోజుకు 340 గ్రాములు, సంవత్సరానికి సుమారు 124 కిలోలు. ఇందులో సగం పెసర, మినుము, గుడ్లు, చేపల ద్వారా సమకూరుతుందనుకుంటే మిగిలిన 62 కిలోల కందిపప్పుకు దాదాపు 90 కిలోల కందులు అవసరం. వర్షాధారంగా ఎకరాకు నాలుగైదు క్వింటాళ్ళ దిగుబడి వచ్చే చోట ఎకరంలో నాలుగో వంతు సరిపోతుంది. అది కూడా విడిగా కేటాయించనక్కరలేదు. పత్తిలో ఆరు సాళ్ళకు ఒక సాలు కంది వేయడం, వరి గట్ల మీద కంది విత్తడం కొత్త సిఫారసులు కావు. పాత రైతులకు చెప్పవలసిన పనే లేదు. పచ్చి కందికాయలు ఉడకబెట్టి తినే రోజులు కూడా దీనితోనే వస్తాయి.

పండించినంత మాత్రాన కంచంలోకి రాదన్నది ఇంకొక సంగతి. కందులు పండించే గ్రామంలోనే రైతు వాటిని యార్డులో అమ్మి, తరువాత దుకాణంలో పప్పు కొనుక్కుంటున్నాడు. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందు చల్లే మినుము విషయంలోనూ ఇదే తీరు. దీనికి రైతు అజ్ఞానం కారణం కాదు. ఒకప్పుడు కందులు నానబెట్టి, ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, తిరగలిలో విసిరే శ్రమ అంతా స్త్రీలదే. తిరగలి మూలన పడిన తరువాత దాని స్థానంలో ఊరికి ఒక చిన్న పప్పు మర రాలేదు. వడ్లు ఆడించడానికి ప్రతి పెద్ద గ్రామంలోనూ మర ఉన్నది. కందులు ఆడించడానికి మండల కేంద్రానికి వెళ్ళినా దొరకని చోట్లు ఉన్నవి. ఆహారపు అలవాటు అని పిలిచే దానిలో ఇటువంటి యంత్రాల లేమి ఎంత భాగమో సదస్సులలో ఎవరూ లెక్కించరు.

ఆకుకూరల విషయంలో సస్యశాస్త్రం తన వంతు తప్పును ఒప్పుకోవలసి ఉన్నది. గంగవాయిలి, పొన్నగంటి, చెంచలి, అడవి తోటకూర పాఠ్యపుస్తకాలలో కలుపు మొక్కల జాబితాలో ఉన్నవి. కలుపు తీసే స్త్రీలు కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చే ఈ ఆకులు వానాకాలమంతా ఖర్చు లేని కూరలు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు వీటిని ఆహారంగానే పరిగణించి, మిశ్రమ పంటల చేలలో కాపాడుకుంటూ వచ్చాయి. కూలీల కొరత వలన కలుపు మందుల వాడకం తప్పనిసరి అయిన మాట వాస్తవమే. దానిని మానమనడం ఆచరణకు నిలవదు. కాని మందు పిచికారీ చేసిన చేలలో ఆకు కోయరాదన్న హెచ్చరికతో పాటు, గట్టు వెంట, బోరు కాలువ పక్కన కొంత చోటును మందు లేకుండా వదలమన్న సలహా కలుపు యాజమాన్య సిఫారసులలో ఎందుకు ఉండరాదు? తోటకూర విత్తిన 25–30 రోజులకే కోతకు వస్తుంది. పెరటి తోటల పథకాలు విత్తనాల పొట్లాలతో మొదలై పొట్లాలతోనే ముగియడానికి వేసవిలో నీటి ఎద్దడి ఒక కారణమైతే, తెలంగాణలోని అనేక గ్రామాలలో కోతుల బెడద మరొక కారణం. కంచె ఖర్చు లేని పెరటి తోట నమూనా ఆ గ్రామాలలో కాగితానికే పరిమితం.

ఇంటి లోపల జరగవలసిన మార్పు నిజానికి చిన్నది. ఉదయం ఖాళీ కడుపున రెండుసార్లు టీ తాగి పదింటికి సద్ది తినే చోట, ఒక టీ స్థానంలో రాగి జావ చేరడం; పప్పులోనే గుప్పెడు ఆకుకూర వేసి ఒకే వంటగా చేయడం; దాని మీద నిమ్మరసం పిండడం. ఆకులోని, పప్పులోని ఇనుము శరీరానికి అందడానికి విటమిన్ సి తోడ్పడుతుంది, భోజనం వెంటనే తాగే టీ అడ్డుపడుతుంది. ఇవన్నీ అదనపు పొయ్యి, అదనపు గంట కోరని మార్పులు కనుకనే నిలుస్తాయి. పత్తి ఏరే రోజులలో తెల్లవారకముందే వంట ముగించి చేనుకు బయలుదేరే స్త్రీకి నాలుగు రకాల వంటకాల పట్టిక ఇవ్వడం సలహా అనిపించుకోదు. వడ్డించేటప్పుడు ఆమె కంచంలోనూ అందరితో పాటే పప్పు పడాలన్న మాట ఆమెకు కాక ఆమె భర్తకు, అత్తకు చెప్పవలసినది. ఆ మాట చెప్పడానికి పంటల సదస్సు కంటే అనువైన వేదిక లేదు.

పరిశోధన పద్ధతిలోనూ ఒక సవరణ అవసరం. అంతర పంటల ప్రయోగాలలో కంది దిగుబడిని ధర ఆధారంగా పత్తి సమాన దిగుబడిగా మార్చి చూపుతారు. ఈ లెక్కలో ఇంటికి ఉంచుకున్న కందులకు అమ్మకపు ధర కడుతున్నారు. ఆ కుటుంబం లేకుంటే కొనవలసి వచ్చేది పప్పు, అదీ దుకాణపు ధరకు. ఆ ధర కట్టి చూస్తే ఏక పంట పత్తికి, పత్తి–కందికి మధ్య తేడా కొన్ని చోట్ల తారుమారు కావచ్చు. రైతుల పొలాలలో జరిపే ప్రయోగాల నమోదు పత్రంలో ఎకరాకు దిగుబడి, నికర ఆదాయం అనే గడుల పక్కన, ఇంటికి ఉంచుకున్న గింజ ఎన్ని కిలోలు, అది ఎన్ని నెలలు వచ్చింది అనే రెండు గడులు చేర్చడానికి అదనపు నిధులు అక్కరలేదు. రెండో గడిలోని సమాధానం మాత్రం రైతును కాక, వంట చేసేవారిని అడిగి రాయవలసి ఉంటుంది.