వారంటీ పోయింది సార్!

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. బెంగళూరు నుంచి అనంతపురం వస్తున్నాం. కొడికొండ చెక్‌పోస్టు దాటామో లేదో, కారులో ఏసీ చల్లగాలి ఆగిపోయింది. వెనక సీట్లో అమ్మ. అద్దాలు దించితే నిప్పుల గాలి, ఎక్కిస్తే కుక్కర్‌లో కూర్చున్నట్టు ఉంది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ పక్క నుంచి పోతుంటే అమ్మ అటే చూస్తూ, "ఇన్ని కొత్త కార్లు తయారయ్యే ఊర్లో మనకీ ఖర్మేందిరా?" అంది. నా కారు ఆ కంపెనీది కాదు. ఏ కంపెనీదో చెప్పను కూడా. వయసు మాత్రం రెండేళ్లే. మూడేళ్ల వారంటీ ఉంది. అందుకే ధైర్యంగా ఉన్నా.

మరుసటి రోజు సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లా. అడ్వైజర్ బానెట్ ఎత్తి ఒక్క చూపు చూశాడు. "మాడిఫికేషన్ చేయించారు కదా! వారంటీ పోయింది సార్" అన్నాడు. ఏసీ కంప్రెసర్ మార్చడానికి నలభై వేల పైచిలుకు ఎస్టిమేట్ చేతిలో పెట్టాడు.

ఆయన అన్నదాంట్లో సగం నిజమే. నాది ఒక లీటరు టర్బో పెట్రోలు ఇంజన్. కొన్న ఏడాదికే బెంగళూరులో ఒక ట్యూనర్ దగ్గర స్టేజ్ 1 రీమ్యాప్ చేయించా. టర్బో ఎంత ఒత్తిడితో గాలి నెట్టాలి, పెట్రోలు ఎంత పడాలి, స్పార్క్ ఎప్పుడు రావాలి అన్న లెక్కలన్నీ ఈసీయూ అనే చిన్న కంప్యూటర్‌లో ఉంటాయి. ఆ సాఫ్ట్‌వేర్‌ని మార్చి పవర్ పెంచడమే రీమ్యాప్. దాంతోపాటు కంపెనీ ఎయిర్ ఫిల్టర్ బాక్స్ తీసేసి కోన్ ఫిల్టర్ పెట్టించా. యాక్సిలరేటర్ తొక్కితే వచ్చే ఆ 'ఉష్' సౌండ్ కోసం! ఆ పిచ్చి ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, లేనివాళ్లకు చెప్పినా అర్థం కాదు.

కానీ రీమ్యాప్‌కీ ఏసీ కంప్రెసర్‌కీ ఏంటి సంబంధం? అదే అడిగా. "సిస్టమ్ ఒప్పుకోదు సార్" అన్నాడు. లాగిన్ పేజీలో బగ్ ఉందని టికెట్ వేస్తే, "మీరు వాల్‌పేపర్ మార్చారు కదా" అని టికెట్ క్లోజ్ చేసినట్టు అనిపించింది.

బయటికొచ్చి ట్యూనర్‌కు ఫోన్ చేశా. "ఒక గంట పని బ్రో. స్టాక్ ఫైల్ ఎక్కిస్తా, పాత ఫిల్టర్ బాక్స్ పెట్టేసి ఇంకో సర్వీస్ సెంటర్‌కు తీసుకుపో. ఎవడికీ తెలీదు" అన్నాడు. అబద్ధమెందుకు, మనసు లాగింది. కానీ నేను కూడా సాఫ్ట్‌వేర్ వాడినే. కోడ్ వెనక్కి తిప్పినంత మాత్రాన లాగ్స్ పోవని తెలుసు. ఇప్పుడు చాలా కార్లలో ఈసీయూని ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో లెక్క ఉంటుంది. దొరికితే ఏసీ గురించి నేను చెప్పే నిజం కూడా ఎవడూ నమ్మడు.

ఆ రాత్రి మొదటిసారి వారంటీ పుస్తకం తెరిచా. మనమెవరమూ చదవం కదా! మినహాయింపుల పేజీలో ఉన్నదేమిటంటే.. కంపెనీ అనుమతి లేని మార్పుల 'వల్ల కలిగిన' లోపాలకు వారంటీ వర్తించదు. ఆ 'వల్ల' అన్న మాటను నాలుగుసార్లు చదివా. మార్పు చేస్తే వారంటీ మొత్తం రద్దు అని ఎక్కడా లేదు. అన్ని కంపెనీల పుస్తకాలూ ఒకేలా ఉండవు, మీది మీరే చూసుకోవాలి.

ఇంకాస్త వెతికితే ఒక పాత ఉత్తర్వు దొరికింది. కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. స్పేర్ పార్టులు బయట దొరకనివ్వడం లేదన్నది కేసు. అందులోనే కమిషన్ ఇంకో మాట చెప్పింది. బయటి మెకానిక్ దగ్గర రిపేర్ చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనకూడదు, ఆ రిపేర్ తేడా వల్ల ఎంత నష్టం జరిగిందో అంతవరకే వారంటీ కాదనొచ్చు అని. అది బయటి రిపేర్ల గురించి, నాలాంటి రీమ్యాప్‌ల గురించి కాదు. పైగా దాని మీద అప్పీళ్లు కూడా నడిచాయి. కాబట్టి ఆ పేపర్ పట్టుకుని కౌంటర్ మీద కొట్టడానికి లేదు. కానీ సూత్రం సింపుల్: ఏది పాడైంది, దేనివల్ల పాడైంది?

పొద్దున టీ తాగుతూ ఇదంతా నాయనకు చెప్పా. ఆయన నలభై ఏళ్లుగా శనక్కాయ వేస్తున్న మనిషి. అంతా విని, "వాళ్లు చెప్పింది కాగితం మీద రాపిచ్చుకున్యావా?" అన్నాడు. లేదన్నా. "మన చేన్లో చినుకు పడకపోయినా, మండలంలో వాన కొలిచే కాడ పడిందని రాసుంటే బీమా రాదు. రాసిందే లెక్కరా. ముందు రాపిచ్చుకో పో" అన్నాడు. నేను ఇంజనీరింగ్ చదివి గూగుల్‌లో రాత్రంతా వెతికింది, ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు.

మళ్లీ వెళ్లా. ఈసారి గొంతు పెంచలేదు. రీమ్యాప్ చేయించానని, ఫిల్టర్ మార్చానని నేనే చెప్పా. "కంప్రెసర్ ఏ మార్పు వల్ల పాడైందో జాబ్ కార్డు మీద రాసి, సంతకం చేసి, స్టాంపు వేయండి. ఒప్పుకుని డబ్బులు కట్టేస్తా" అన్నా. అడ్వైజర్ మేనేజర్ దగ్గరికి వెళ్లాడు. మేనేజర్ ఫోన్ అందుకున్నాడు. ఎవరూ రాయలేదు! అదే విషయాన్ని జాబ్ కార్డు ఫొటోతో సహా కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పెట్టా. పదకొండు రోజులు పట్టింది. కంప్రెసర్ వారంటీలోనే మార్చారు. అయితే జాబ్ కార్డు కింద ఒక లైన్ చేర్చారు: 'ఇంజన్, టర్బో, గేర్‌బాక్స్‌కు ఇకపై వారంటీ వర్తించదు'. చదివి సంతకం పెట్టా. వాళ్లు పెంచని పవర్‌కు వాళ్లెందుకు పూచీ ఉంటారు?

ఆ సంతకం ఖరీదు మూడు నెలల తర్వాత తెలిసింది. టర్బో దగ్గర ఈల లాంటి శబ్దం మొదలైంది. విప్పి చూస్తే లోపలి రెక్కల అంచులు అరిగిపోయి ఉన్నాయి. కారణం దుమ్ము. మన జిల్లాలో ఏడాదికి పడే వానే అంతంతమాత్రం, మిగతా రోజులన్నీ ఎర్రదుమ్మే. వారం వారం మా పల్లె మట్టిరోడ్డు మీద తిరిగే బండికి, సౌండ్ కోసం పెట్టుకున్న ఫిల్టర్ ఏం ఆపుతుంది? బిల్లు లక్షకు దగ్గర. ఎవరితోనూ గొడవ పడలేదు. కిక్కురుమనకుండా ఈఎంఐ పెట్టుకున్నా.

మీరూ ఇదే దారిలో ఉంటే నాలుగు మాటలు. కారు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డులో మీ కంప్లయింట్ మీ మాటల్లోనే రాయించండి. 'వారంటీ లేదు' అంటే కారణం రాతలో అడగండి. ఇవ్వకపోతే ఈమెయిల్ పెట్టండి, అదే మీ సాక్ష్యం. అక్కడా తెగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, బెంగళూరులో కొన్నారని బెంగళూరు తిరగక్కర్లేదు. రెండేళ్లలోపు వేయాలి. పది లక్షల లోపు కారుకు ఫీజు రెండొందలు దాటదు. కానీ కొత్త కారు ఇచ్చేస్తారని ఆశపడకండి. పాడైన పార్టు మార్చడమే వారంటీ బాధ్యత అయినప్పుడు బండి మొత్తం మార్చమనలేమని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది.

ఇంకో మాట. వారంటీ సంగతి పక్కనపెడితే, చట్టం కూడా ఉంది. కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్‌స్టా రీల్స్‌లో ఈ ముక్క ఎవడూ చెప్పడు. ట్యూనర్ అసలే చెప్పడు.

ఇప్పుడు నా కారులో కంపెనీ సాఫ్ట్‌వేరే ఉంది. ఫిల్టర్ బాక్స్ కూడా పాతదే. 'ఉష్' సౌండ్ లేదు. మొన్న పెనుకొండ దాటుతుంటే అమ్మ వెనక సీట్లోంచి, "ఏసీ కొంచెం తగ్గించురా, చలేస్తాంది" అంది.